న్యూజిలాండ్‌లో 42 రోజులు, అద్దె కారు 17 రోజులే

మా తమ్ముడు ఆక్లాండ్‌లో ఉంటాడు. వాడు వెళ్లి ఏడేళ్లయింది, ఎప్పుడూ వాడే రావడం తప్ప మేం వెళ్లింది లేదు. పోయిన డిసెంబరులో అమ్మని తీసుకుని నేనూ, మావారూ కాకినాడ నుంచి బయల్దేరాం. డిసెంబరు 18 నుంచి జనవరి 28 దాకా, మొత్తం 42 రోజులు. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, బస్సులు మారుతూ సామాన్లు మోసుకుంటూ తిరగడం ఆవిడ వల్ల కాదు. కాబట్టి కారు ఉండాల్సిందే అని ముందే అనుకున్నాం. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడిపక్కే ఉంటుంది, నేను పన్నెండేళ్లుగా నడుపుతున్నాను, ఆ భయం లేదు.

భయం ఇంకో రకంగా వచ్చింది. అక్టోబరులో ఓ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని, పెద్ద కంపెనీ ఒకదాంట్లో ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో తీసుకుని అక్కడే తిరిగిచ్చేలా 42 రోజులకి ఒక మీడియం ఎస్‌యూవీ చూశాను. రోజుకి 138 డాలర్లు. న్యూజిలాండ్ డాలరు అప్పుడు మన రూపాయల్లో 50 చుట్టూ ఉంది. దానికి తోడు, కారుకి ఏదైనా అయితే మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం (అక్కడ ఎక్సెస్ అంటారు) సున్నా చేసుకోవాలంటే రోజుకి ఇంకో 34. మొత్తం 7,224 డాలర్లు, అంటే మూడు లక్షల అరవై వేలు పైనే. ముగ్గురి విమానం టికెట్లకి దాదాపు అంతే అయింది. మావారు ఆ అంకె చూసి ఏం మాట్లాడకుండా లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లారు. నాకైతే ట్రిప్పు మానేద్దామా అనిపించింది, అబద్ధం ఎందుకు.

అక్కడ డిసెంబరు, జనవరి ఎండాకాలం. స్కూళ్లకి పెద్ద సెలవులు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఆఫీసులు చాలావరకు మూత, ఆ ఊళ్ల వాళ్లూ బయటి దేశాల వాళ్లూ అందరూ రోడ్ల మీదే ఉంటారు. మనం సంక్రాంతికి హైదరాబాదు నుంచి బస్సు టికెట్ కోసం వెతికినట్టే అన్నమాట. తేదీలు మార్చుకుందామంటే మావారి సెలవు అప్పుడే దొరికింది.

తమ్ముడికి వీడియో కాల్ చేసి ఆ అంకె చెప్పాను. వాడు ధర గురించి ఏమీ అనలేదు. "అక్కా, ఈ 42 రోజుల్లో కారు కదిలే రోజులు ఎన్ని?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. వాడింట్లో ఫ్రిజ్ మీద అతికించిన క్యాలెండర్‌ని ఫోన్‌కి చూపించి, మేం ఎక్కడెక్కడికి వెళ్లాలనుకున్నామో ఒక్కొక్కటీ అడిగి స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. సౌత్ ఐలాండ్‌కి (ఆక్లాండ్ ఉన్న దీవికి దక్షిణాన ఉండే ఇంకో పెద్ద దీవి) 13 రోజులు, అక్కడి నుంచి రోడ్డు మీద వెనక్కి రావడానికి 4 రోజులు, రొటోరువా, బే ఆఫ్ ఐలాండ్స్ కలిపి 6 రోజులు. మొత్తం 23. మిగిలిన 19 రోజులు మేం వాడింట్లోనే ఉంటాం. మరదలు వంట చేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పే రోజులవి. ఆ 19 రోజులూ కారు వీధిలో ఆగి ఉంటుంది. రోజుకి 172 డాలర్ల చొప్పున 3,268 డాలర్లు, ఆగి ఉన్న కారుకి. పైగా వాడి ఇంటికి పార్కింగు ఒక్క కారుకే ఉంది.

అప్పటిదాకా నేను రోజు అద్దె ఎక్కడ పది డాలర్లు తగ్గుతుందా అని వెబ్‌సైట్లన్నీ తిరగేస్తున్నాను. వాడు అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో లెక్కంతా మారిపోయింది. ఎక్కువ రోజులకి తీసుకుంటే రోజు ధర తగ్గుతుంది, నిజమే, కానీ అవసరం లేని రోజులు అద్దెలో కలిపేసుకున్నాక ఆ తగ్గింపు వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ 6 రోజుల సంగతి తేలిగ్గానే తేలింది. క్రిస్మస్ వారం తమ్ముడికి ఎలాగూ సెలవే, వాడి కార్లోనే అయిదుగురం వెళ్లాం. మధ్యలో నేను కూడా నడపొచ్చా అని వాడు ముందే తన ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసి అడిగాడు. నడపొచ్చు, కానీ విదేశీ లైసెన్సు మీద నడుపుతుండగా ఏదైనా అయితే ఎక్సెస్ ఎక్కువ పడుతుంది అన్నారు. ఇది అడగకుండా చుట్టాల కారు తీసుకుని నడపకండి. కంపెనీని బట్టి రూలు మారుతుంది, తేడా వస్తే నష్టపోయేది మనకి కారిచ్చినవాళ్లు.

ఇంట్లో ఉన్న రోజుల్లో ఊళ్లో తిరగడానికి హాప్ కార్డు కొనుక్కున్నాం, బస్సుకీ రైలుకీ ఫెర్రీకీ అదే పనికొస్తుంది. జనవరిలో పట్టాల పనుల కోసం రైళ్లు కొన్నాళ్లు ఆపేసి బదులు బస్సులు వేశారు, అది తప్ప ఇబ్బంది ఏమీ లేదు. డౌన్‌టౌన్ నుంచి డెవన్‌పోర్ట్‌కి ఫెర్రీలో పదిహేను నిమిషాలు కూడా పట్టదు, అమ్మకి అది ఎంత నచ్చిందంటే మూడుసార్లు వెళ్లాం. మొత్తం మీద బస్సులకీ ఫెర్రీలకీ ముగ్గురికీ కలిపి 200 డాలర్లు అయ్యాయి.

ఇక అసలు ఖర్చు సౌత్ ఐలాండ్. ఆక్లాండ్‌లో కారు తీసుకుని వెల్లింగ్టన్ దాకా 640 కిలోమీటర్లు నడిపి, అక్కడ ఫెర్రీ ఎక్కించి పిక్టన్‌లో దింపి, అక్కడి నుంచి మళ్లీ క్రైస్ట్‌చర్చ్‌కి 340 కిలోమీటర్లు వెళ్లాలన్నది నా మొదటి ప్లాను. దానికి బదులు క్రైస్ట్‌చర్చ్ దాకా విమానంలో వెళ్లిపోయాం, ముగ్గురికీ బ్యాగులతో కలిపి 420 డాలర్లు. కారు అక్కడే తీసుకుని, గుండ్రంగా తిరిగొచ్చి అక్కడే ఇచ్చేశాం. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇస్తే వన్ వే ఫీజు అని విడిగా వేస్తారు, అది తప్పింది. తేదీలు కూడా జనవరి 8 తర్వాతకి జరిపాం, క్రిస్మస్ రద్దీ దాటేసరికి అదే కారు ధర బాగా దిగింది.

కంపెనీ విషయంలో కూడా మనసు మార్చుకున్నాను. ఎయిర్‌పోర్టు లోపల కౌంటర్లున్న పెద్ద కంపెనీలు కాకుండా, బయట రెండు మూడు కిలోమీటర్ల దూరంలో షెడ్డు పెట్టుకుని పాత కార్లు అద్దెకిచ్చే చిన్న కంపెనీలు ఉన్నాయి. వాళ్ల వ్యానే వచ్చి తీసుకెళ్తుంది. ఆ దేశంలో జపాన్ నుంచి వాడిన కార్లు విపరీతంగా దిగుమతి అవుతాయి. మాకొచ్చింది కూడా అలాంటి టొయోటా హైబ్రిడ్ కారే, ఎనిమిదేళ్ల నాటిది, స్క్రీన్ మీద అక్షరాలన్నీ జపనీసులో ఉన్నాయి, పాటలు ఫోన్‌లో పెట్టుకున్నాం. ఇంజను మాత్రం నిక్షేపంలా ఉంది. అక్టోబరులో ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీద రోజుకి 89 డాలర్లకి బుక్ చేసి పెట్టాను, తర్వాత పది రోజులకోసారి చూస్తూ ఉన్నాను, డిసెంబరు మొదట్లో 74కి వచ్చింది. పాతది రద్దు చేసి కొత్తది పెట్టాను. 13 రోజులకి 962 డాలర్లు.

అదే కంపెనీలో పెద్ద డీజిల్ బండి ఒకటి రోజుకి 8 డాలర్లు తక్కువకే కనిపించింది. మావారు దాని మీద మనసు పడ్డారు. కింద చిన్న అక్షరాల్లో ఆర్‌యూసీ అదనం అని రాసుంది. న్యూజిలాండ్‌లో పెట్రోలు ధరలో రోడ్డు పన్ను కలిసే ఉంటుంది, డీజిల్‌లో ఉండదు, అందుకే డీజిల్ బండ్లకి తిరిగిన కిలోమీటర్లని బట్టి విడిగా వసూలు చేస్తారు, మామూలు కార్లకి 1000 కిలోమీటర్లకి 76 డాలర్లు. మేం తిరిగేది 2,300 కిలోమీటర్లు. 104 డాలర్లు మిగిలించుకోబోయి 175 కట్టేవాళ్లం. క్యాంపర్‌వ్యాన్ కూడా ఆలోచించాం, బస ఖర్చు కలిసొస్తుందని. కానీ రాత్రిళ్లు అమ్మ అందులో ఎక్కి దిగడం కష్టం, వదిలేశాం.

ఇన్సూరెన్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో మనుషులకి దెబ్బలు తగిలితే అక్కడి ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చికిత్స ఖర్చు చూస్తుంది, మనలాంటి సందర్శకులకి కూడా (జబ్బులకి వర్తించదు, ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరిగా తీసుకోండి). కాబట్టి కౌంటర్లో మన ముందు పెట్టే కాగితం ప్రధానంగా బండి డ్యామేజీ గురించి. మామూలు అద్దెలోనే ఇన్సూరెన్సు ఉంటుంది, కానీ మొదటి 3,500 డాలర్లు మనదే బాధ్యత. దాన్ని సున్నా చేయడానికి కంపెనీకి రోజుకి ముప్పై పైన కట్టొచ్చు, లేదా ఆ ఎక్సెస్‌ని మాత్రమే కవర్ చేసే పాలసీ బయట విడిగా కొనుక్కోవచ్చు. నాకు బయట రోజుకి 9 డాలర్లకి దొరికింది, 13 రోజులకి 117. తేడా ఏంటంటే బయట పాలసీ తీసుకుంటే, ఏదైనా అయినప్పుడు కంపెనీకి ముందు మనం కట్టి తర్వాత ఆ పాలసీ వాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. పైగా ఆ 3,500 డాలర్లూ బాండ్ (డిపాజిట్) కింద మన క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు. అంత లిమిట్ ఖాళీగా లేనివాళ్లు కంపెనీ దగ్గర కట్టడమే మేలు.

ఆ బాండ్ దగ్గరే నాకు చెమటలు పట్టాయి. క్రైస్ట్‌చర్చ్ షెడ్డులో కౌంటర్ మీద ఉన్న అమ్మాయికి నా ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే ప్రీపెయిడ్ కార్డు) ఇచ్చాను, అందులో డబ్బు దండిగా ఉంది. ప్రీపెయిడ్ కార్డు మీద బాండ్ ఆపలేం, క్రెడిట్ కార్డే కావాలి, అది కూడా డ్రైవరు పేరు మీదే ఉండాలి అంది. మావారి క్రెడిట్ కార్డు చూపిస్తే వద్దంది, ఎందుకంటే బుకింగు నాది, లైసెన్సు నాది. నా క్రెడిట్ కార్డు తీసి పెట్టాను. మెషీన్‌లో వద్దని వచ్చింది. ఇంకోసారి పెట్టింది, మళ్లీ అదే. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేశాను గానీ లిమిట్ యాభై వేల దగ్గరే ఉంచేశాను. 3,500 డాలర్లంటే లక్షా డెబ్బై అయిదు వేలు! బ్యాంకు యాప్‌లో లిమిట్ పెంచబోతే ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ ఇండియా నంబరుకి వస్తుంది, ఆ సిమ్ పాత ఫోన్‌లో ఉంది, పాత ఫోన్ అమ్మ చేతిసంచీలో జంతికల ప్యాకెట్టు కింద ఉంది. రోమింగు వేయించి ఉంచాను కాబట్టి బతికిపోయాను, అయినా ఆ మెసేజ్ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వెనక వరసలో ఆరుగురు నిలబడి ఉన్నారు. అమ్మ కుర్చీలో కూర్చుని "ఏమైందే, కారు ఇవ్వరా?" అని రెండుసార్లు అడిగింది. నాకు జవాబు చెప్పే స్థితి లేదు.

మీరు వెళ్లేముందు ఇంట్లో కూర్చుని ఈ పని చేసుకోండి. ఎవరు నడుపుతారో వాళ్ల పేరు మీద క్రెడిట్ కార్డు, దాంట్లో ఇంటర్నేషనల్ లిమిట్ బాండ్ కంటే ఎక్కువ, ఇండియా సిమ్‌కి రోమింగు. మన స్మార్ట్ కార్డు లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి న్యూజిలాండ్‌లో అదే చెల్లుతుంది, నేను జాగ్రత్త కోసం ఆర్టీవోలో వెయ్యి రూపాయలు కట్టి అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకున్నాను, ఏడాది పనికొస్తుంది, అక్కడ ఎవరూ అడగలేదు. ఇంకోటి, క్రెడిట్ కార్డు మీద ప్రతి విదేశీ చెల్లింపుకీ మా బ్యాంకు 3.5 శాతం, దాని మీద జీఎస్‌టీ వేసింది. అందుకే బాండ్ మాత్రం క్రెడిట్ కార్డు మీద ఉంచి, అద్దె ఫారెక్స్ కార్డుతో కట్టాను. అడిగితే ఒప్పుకున్నారు.

తాళాలు ఇచ్చాక వెంటనే బయల్దేరకుండా కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి వీడియో తీశాను, చక్రాల అంచులు, అద్దం, పైకప్పు, లోపల మీటరు. ఆ వీడియో తర్వాత అక్కరకొచ్చింది.

దారి గురించి రాస్తే ఇంకో పెద్ద కథ అవుతుంది. టెకపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, టె అనౌ, మిల్‌ఫోర్డ్ సౌండ్, అక్కడి నుంచి వెనక్కి వచ్చి హాస్ట్ మీదుగా పశ్చిమ తీరం, హోకిటికా, ఆర్థర్స్ పాస్, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. మిల్‌ఫోర్డ్‌కి ముందు కొండని తొలిచిన హోమర్ టన్నెల్ ఉంటుంది, 1.2 కిలోమీటర్లు, 1954లో తెరిచారట, లోపల గరుకు రాళ్ల గోడలు అలాగే ఉంటాయి. అమ్మ ఆ టన్నెల్ దాటేదాకా గోవిందా గోవిందా అంటూనే ఉంది. పశ్చిమ తీరంలో ఒకే బండి పట్టే వంతెనలు చాలా వస్తాయి, మన వైపు బోర్డులో చిన్న ఎర్ర బాణం ఉంటే మనం ఆగి ఎదుటివాళ్లకి దారివ్వాలి.

ట్వైజెల్ దాటాక ఒకచోట కొత్తగా రోడ్డు వేస్తున్నారు. అక్కడ ఎండాకాలంలోనే రోడ్ల పనులు ఎక్కువ చేస్తారు, తారు మీద చిన్న కంకర చల్లి వదిలేస్తారు, అది అణిగేదాకా 30 కిలోమీటర్ల బోర్డు పెడతారు. నేను ముప్పైలోనే వెళ్తున్నాను. ఎదురుగా వచ్చిన లారీ మాత్రం వేగంగా పోయింది. టక్‌మని ఒక్క శబ్దం. అద్దం మీద, సరిగ్గా నా కళ్లకి ఎదురుగా కాదు గానీ ఎడమ పక్కన, పెసరగింజంత చుక్క, దాని చుట్టూ సాలెగూడు కాళ్లలా నాలుగు సన్నటి గీతలు. కారు పక్కకి ఆపి చేత్తో తడిమాను, వేలికి గరుగ్గా తగిలింది. మావారు అప్పుడే మూడున్నర వేల డాలర్లని రూపాయల్లోకి మార్చేస్తున్నారు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఈ సీజన్‌లో ఇది రోజూ జరిగేదే, గీత పాకకముందే దగ్గర ఊళ్లో చిప్ రిపేరు చేయించండి, బిల్లు ఉంచండి అన్నారు. క్వీన్స్‌టౌన్‌లో ఒకతను అరగంటలో జిగురు లాంటిది ఎక్కించి గట్టిపరిచాడు, 95 డాలర్లు. ఆ బిల్లు, అద్దె కాగితం, ముందు తీసిన వీడియో, దెబ్బ ఫోటో అన్నీ బయట పాలసీ వాళ్లకి పంపాను. పదకొండు రోజులకి మొత్తం డబ్బు తమ్ముడి ఖాతాలో వేశారు. ఒక్కటి గుర్తుంచుకోండి, కొన్ని దారులకి ఇన్సూరెన్సు అసలు వర్తించదని అగ్రిమెంటులో పేర్లతో సహా రాస్తారు, క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ కాన్యన్ రోడ్డు, ఉత్తరాన నైంటీ మైల్ బీచ్ అలాంటివి. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టొద్దు.

తిరుగు ప్రయాణం ఈ మొత్తంలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చిన భాగం. చాలామంది పర్యాటకులు ఆక్లాండ్‌లో దిగి కిందకి నడుపుకుంటూ వచ్చి క్రైస్ట్‌చర్చ్‌లోనో క్వీన్స్‌టౌన్‌లోనో కారు వదిలేసి విమానం ఎక్కేస్తారు. కార్లన్నీ దక్షిణాన పోగుపడతాయి. వాటిని మళ్లీ పైకి చేర్చడానికి కంపెనీలు డ్రైవర్లని పెట్టుకునే బదులు, మీరే నడుపుకెళ్లండి, రోజుకి ఒక డాలరు ఇవ్వండి అంటాయి. రీలొకేషన్ అంటారు. ట్రాన్స్‌ఫర్‌కార్ లాంటి సైట్లు దీనికోసమే ఉన్నాయి. తమ్ముడు చెప్పినప్పుడు నేను నమ్మలేదు, ఏదో మోసం అనుకున్నాను.

దొరకడం మాత్రం మన చేతిలో లేదు. తేదీ వాళ్లది, కారు వాళ్లది, రోజులు వాళ్లవి. నేను డిసెంబరు ఆఖరు నుంచి పొద్దున్న లేవగానే అదే చూస్తున్నాను. మూడు అడిగితే మూడూ వేరేవాళ్లకి పోయాయి. దొరక్కపోతే ఎలా అని విమానం ధర కూడా చూసి పెట్టుకున్నాం. జనవరి 15న, హోకిటికా మోటెల్‌లో అన్నం వండుకుంటుండగా మెయిల్ వచ్చింది, 21న క్రైస్ట్‌చర్చ్‌లో తీసుకుని 25 లోపు ఆక్లాండ్‌లో ఇవ్వాలి, కారుకీ డ్రైవరుకీ ఫెర్రీ టికెట్ వాళ్లదే. నాలుగు రోజులకి నాలుగు డాలర్లు. ఈసారి ఎక్సెస్ కంపెనీ దగ్గరే సున్నా చేయించుకున్నాను, రోజుకి 30 చొప్పున 120, ఎందుకంటే అది కొత్త పెద్ద కారు, మళ్లీ బాండ్ ఆపడానికి కార్డులో లిమిట్ మిగల్లేదు. అమ్మకీ మావారికీ ఫెర్రీ 150.

నాలుగు రోజులంటే తొందరేమీ కాలేదు. కైకౌరాలో ఒక రాత్రి ఆగాం, 2016 నవంబరు భూకంపానికి ఆ సముద్రం పక్క రోడ్డు ఏడాదికి పైగా మూసేశారని మోటెల్ ఆవిడ చెప్పింది, కొండచరియలు పడిన గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. పిక్టన్ నుంచి వెల్లింగ్టన్‌కి ఫెర్రీ మూడున్నర గంటలు, మొదటి గంట కొండల మధ్య నీళ్లలో వెళ్తుంటే అమ్మ లోపల కూర్చోనంది, చీర కొంగు చెవులకి చుట్టుకుని పైన గాలిలోనే నిలబడింది, మోకాళ్ల సంగతే ఎత్తలేదు.

విమానం 420, సౌత్ ఐలాండ్ అద్దె 962, ఎక్సెస్ పాలసీ 117, రీలొకేషనూ ఫెర్రీ కలిపి 274, ఆక్లాండ్ బస్సులు 200. మొత్తం 1,973 డాలర్లు, లక్ష రూపాయల లోపు. పెట్రోలు ఎలా వెళ్లినా తప్పదు కాబట్టి రెండు లెక్కల్లోనూ కలపలేదు. తమ్ముడి కారు లేకపోతే ఆ 6 రోజులకి ఇంకో 700, 800 డాలర్లు అయ్యేవి, క్రిస్మస్ వారం కదా. అలా చూసినా మొదటి అంకెలో సగం కూడా కాదు.

25 మధ్యాహ్నం ఆక్లాండ్‌లో కారు ఇచ్చేసి, ట్యాంకు నింపిన రసీదు, మీటరు ఫోటో పంపేశాను. సౌత్ ఐలాండ్ కారు తాలూకు బాండ్ అప్పటికింకా కార్డు మీదే ఆగి ఉంది. ఫిబ్రవరి 3న కాకినాడలో, బ్యాగులు ఇంకా పూర్తిగా సర్దనే లేదు, 1,75,000 వెనక్కి వచ్చినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. మావారికి చూపిస్తే, తమ్ముడికి స్క్రీన్‌షాట్ పంపమన్నారు.